మిద్దె మీద మనవాళ్ళు

అమెరికాలో ఉన్న మన బంధువులకు జనవరి నెలలో ఫోను చేస్తే తరచు వినిపించే కబురు ఒకటుంది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు చెడిపోయిందనీ, మెకానిక్కు రేపుగాని రాలేనన్నాడనీ, పిల్లలకు ఇంట్లోనే కోట్లు తొడిగి పడుకోబెట్టామనీ చెబుతారు. కరామాలో మనకా బాధ లేదు. ఇక్కడ జనవరి రాత్రుల్లో 14, 15 డిగ్రీలకు దిగితే అదే మన చలికాలం. ఒక దుప్పటి అదనంగా కప్పుకుంటే గడిచిపోతుంది. మన ఇళ్ళలో వేడి పుట్టించే యంత్రమల్లా స్నానాలగది కప్పు వెనుక దాగి ఉండే నీళ్ళ హీటరు ఒక్కటే. కాని వారు జనవరిలో ఫర్నేసు మెకానిక్కు కోసం ఎదురుచూసినట్టే మనం జూలైలో ఏసీ మెకానిక్కు కోసం ఎదురుచూస్తాం. ఆయన బెల్లు కొట్టేదాకా మనకు ఇల్లు ఇల్లుగా ఉండదు. బాగుచేసి వెళ్ళిపోయాక ఆయన ముఖం మనకు గుర్తుండదు.

ఆ మెకానిక్కులను గురించి ఈ సంచికలో నాలుగు మాటలు రాయదలచాం. అందుకు కారణాలు రెండు. వారిలో చాలామంది మనవాళ్ళు కావడం ఒకటి: జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపునుంచి, కోనసీమనుంచి, కడప జిల్లానుంచి వచ్చినవారు. వైద్యవృత్తిలో ఉన్న మేము వారిని ఏసీ దగ్గరకంటె బల్ల మీద పడుకున్నప్పుడే ఎక్కువగా చూడవలసి రావడం రెండవది. వారితో అప్పుడప్పుడు కరక్ చాయ్ తాగుతూ విన్న సంగతులు కొన్ని, మా వృత్తిలో తెలిసినవి కొన్ని, కలిపి చెబుతున్నాం.

వేడిని మోసే కావడి

ఏసీ చల్లదనాన్ని పుట్టిస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి అది గదిలోని వేడిని ఎత్తి బయట పారబోస్తుంది, అంతే. లోపలి కాయిలులో గ్యాసు ఆవిరి అవుతూ గది వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి బయటి కాయిలుకు పంపుతుంది. అక్కడ ఫ్యాను గాలికి వేడి వదిలి అది మళ్ళీ ద్రవమవుతుంది. ఏసీ సైజు చెప్పేటప్పుడు ‘టన్ను’ అంటామే, అది బరువు కాదు; ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో అంత, అంటే గంటకు 12,000 బీటీయూలు. మంచుగడ్డలతో గదులు చల్లబరచుకున్న కాలం నాటి లెక్క ఈనాటికీ మిగిలింది.

1902లో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు ఈ పద్ధతిని మొదట అమర్చింది కూడా మనుషుల సుఖానికి కాదు. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో తేమకు కాగితం సాగి రంగులు ఒకదానిమీద ఒకటి కుదరకపోతే, ఆ తేమ తగ్గించడానికి. దుబాయిలో అంతకుముందునుంచీ ఉన్న ఉపాయం బర్జీల్, అంటే గాలిగోపురం. అల్ ఫహీదీ పేటలో ఇప్పటికీ నిలిచి ఉన్న ఆ గోపురాలు పైనుంచి పోయే గాలిని పట్టి కింది గదిలోకి దింపేవి. వాటికి గ్యాసు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు, మెకానిక్కూ అక్కరలేదు. కాని ఆగస్టు తేమకు అవి సరిపోవు. అయిదారు అంతస్తుల అపార్టుమెంట్లకు అసలే పనికిరావు.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. వేడి ఎక్కడికీ మాయం కాదు. మనం గదుల్లోనుంచి తోసేసిన వేడి మిద్దె మీద యూనిట్ల నోళ్ళలోంచి వెళ్ళగక్కబడుతుంది. పది యూనిట్లు పక్కపక్కన ఊదుతూ ఉంటే, వాతావరణ శాఖ నీడలో కొలిచి చెప్పే డిగ్రీలకు ఆ మిద్దె మీది వేడికి పొంతన ఉండదు. గల్ఫు దేశాలకోసం తయారుచేసే యూనిట్లకు ‘టి-3’ అనే తరగతి ఒకటుంది. బయట 46 డిగ్రీలున్నా పనిచేసేట్టు వాటిని పరీక్షిస్తారు. 2025 మే 24న ఈ దేశంలోనే స్వైహాన్‌లో 51.6 డిగ్రీలు నమోదైంది. యంత్రానికి తరగతి మార్చవచ్చు. దానిముందు గొంతుకు కూర్చుని పనిచేసే మనిషి శరీరం మాత్రం జగిత్యాలలోనైనా కరామాలోనైనా 37 డిగ్రీల దగ్గరే నడుస్తుంది. లోపల 40 దాటితే మెదడు తడబడుతుంది.

రోజూ జరిగే పని

తెల్లవారకముందే సోనాపూర్ క్యాంపునుంచి, అల్ కూజ్ నుంచి వ్యాన్లు బయలుదేరతాయి. ఫోర్మన్ చేతిలో ఫిర్యాదుల జాబితా ఉంటుంది. కరామా అంటే మెకానిక్కులు మొదట భయపడేది ఎండకు కాదట, పార్కింగుకు. వ్యాను వీధి చుట్టూ తిరుగుతుంటే మెకానిక్కూ హెల్పరూ నిచ్చెన, పనిముట్ల సంచి, నైట్రోజను సిలిండరు దింపుకుని నడుస్తారు. నాతూర్ దగ్గర మిద్దె తాళంచెవి తీసుకోవాలి. పాత బిల్డింగుల్లో చాలాచోట్ల లిఫ్టు మిద్దెదాకా పోదు. ఆఖరి మెట్లవరస కంప్రెసరును భుజాన వేసుకునే ఎక్కాలి. నడుము నొప్పితో మా దగ్గరకు వచ్చే కుర్రవాళ్ళ కథ చాలావరకు ఆ ఆఖరి మెట్లవరసలోనే ఉంటుంది.

‘ఏసీ చల్లగా లేదు, గ్యాసు అయిపోయింది, నింపి వెళ్ళు’ అన్నది మనం పుట్టించిన ఫిర్యాదుల్లో మొదటిది. గ్యాసు బండిలో పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాసు ఏళ్ళ తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందన్నమాట. కారేచోటు వెతికి, అతికి, నైట్రోజనుతో పరీక్షించి, వ్యాక్యూమ్ పంపుతో గాలీ తేమా లాగేసి, అప్పుడు తూచి నింపాలి. దానికి సగం పూట పడుతుంది. ఇంటివారికి అంత ఓపిక ఉండదు. జాబితాలో ఇంకా ఎనిమిది ఇళ్ళున్న ఫోర్మన్‌కూ ఉండదు. అందుచేత చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టు పోసి వెళ్ళడం, నెల తిరగకుండా మళ్ళీ రావడం. పని తెలిసిన మెకానిక్కుకు ఇంతకంటె అవమానం లేదని జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన మాతో అన్నాడు. ఐ.టి.ఐ.లో రెండేళ్ళు రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ చదివి వచ్చినా ఇక్కడ మొదట హెల్పరుగానే చేశాడట. ఒక మలయాళీ ఫోర్మన్ దగ్గర చెవితో వినడం నేర్చుకున్నాడు. కంప్రెసరు మోత విని దాని జబ్బు చెబుతాడు. లావు గొట్టం మీద చెయ్యి వేసి చూస్తాడు: చల్లగా చెమర్చి ఉంటే మంచిది, మంచు పేరుకుంటే గ్యాసు తగ్గిందో, ఫిల్టరు మూసుకుపోయి గాలి ఆడడం లేదో. స్టెతస్కోపు పెట్టి కూర్చునే మాకు ఇది వింటే మా పనికీ ఆయన పనికీ పెద్ద తేడా కనిపించలేదు.

ఫిల్టరు సంగతి వేరే చెప్పాలి. ఎడారి దుమ్ము సన్నంగా పొడిలా వస్తుంది. దానికి మన వంటింటి పోపుల నూనె తోడైతే ఫిల్టరు మీద అట్టలా కడుతుంది. ఫిల్టరు చూసి ఆ ఇంట్లో చేపల పులుసెక్కువో అగరువత్తులెక్కువో చెప్పగలమని ఒక కోనసీమ కుర్రవాడు నవ్వుతూ అన్నాడు. నీళ్ళు కారుతున్నాయన్న ఫిర్యాదుకు మూలం కూడా చాలాసార్లు ఈ దుమ్మే. జిగటగా మారి డ్రెయిను పైపుకు అడ్డుపడుతుంది. ఇద్దరికోసం కట్టిన గదిలో చెక్కలతో అరలు కట్టి ఎనిమిది మంది ఉండేచోట ఇంకొక చిక్కు. ఏసీ బాగానే ఉంటుంది, గాలి మాత్రం మొదటి చెక్కకు తగిలి అక్కడే ఆగిపోతుంది. చివరి మంచం మీదివాడు ఫోను చేస్తాడు. మెకానిక్కు వచ్చి చూసి, ఏమీ చెప్పలేక, ఫిల్టరు కడిగి వెళతాడు. రాత్రికి తానూ అట్లాంటి గదిలోకే చేరుకుంటాడు.

ఒక సంఘటన మాత్రం చెప్పకుండా ఉండలేం. ఆగస్టులో ఒక ఇంటికి మూడు గంటలు ఆలస్యంగా వెళ్ళాడట ఒక మెకానిక్కు. తలుపు తీసిన ఇల్లాలు తెలుగామె. ఇతను పనిచేస్తున్నంతసేపూ ఆమె లోపలి గదిలో భర్తతో తెలుగులోనే అంది: వీళ్ళకు పని రాదు, డబ్బుకోసం కావాలని ఆలస్యం చేస్తారు, కంపు కొడుతున్నాడు, పని కాగానే తలుపులు తెరిచి పెట్టాలి, అని. ఇతను తల ఎత్తలేదు. కెపాసిటరు మార్చాడు, డ్రెయిను పైపు కూడా కడిగాడు, కింద పడిన నీళ్ళు తుడిచాడు. కాగితం మీద సంతకం పెట్టించుకుని, చెప్పులు తొడుక్కుంటూ, ‘వస్తానమ్మా’ అని తెలుగులో చెప్పి వెళ్ళిపోయాడు. మాతో చెప్పినప్పుడు అతను నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. ఆమె చెడ్డమనిషి అయి ఉండదు. మూడు గంటలు చంటిబిడ్డతో ఉక్కలో కూర్చుని ఉండవచ్చు. కాని అతను అంతసేపూ ఎక్కడ ఉండి వచ్చాడో ఆమెకు తట్టలేదు. మూడు మిద్దెలు ఎక్కి దిగి వచ్చాడు.

నీళ్ళ హీటరు సంగతి

జూన్ వచ్చేసరికి కొత్తగా వచ్చిన కుటుంబాలనుంచి ఒక ఫిర్యాదు తప్పదట: హీటరు ఆపేసినా నీళ్ళు కాలుతున్నాయి, బాగుచేయండి, అని. అది హీటరు తప్పు కాదు. మిద్దె మీది ట్యాంకు ఎండకు కాగి, చన్నీళ్ళ కుళాయిలోనే వేణ్ణీళ్ళు వస్తాయి. పాతకాపులకు దీనికి విరుగుడు తెలుసు. హీటరు స్విచ్చి ఆపేస్తే, ఏసీ చల్లదనం తగిలే ఇంటిలోపల ఉండడంవల్ల దాని తొట్టిలోని నీళ్ళు కొంత చల్లబడతాయి. అందుచేత వేసవిలో చన్నీళ్ళకు ఎర్రగుర్తు కుళాయి తిప్పుతాం, వేణ్ణీళ్ళకు నీలిగుర్తుది. దుబాయి కాపురంలో ఇదొక తిరకాసు.

ఉపాయం మంచిదే గాని ఇందులో వైద్యులు చెప్పవలసిన మాట ఒకటుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల మహాసభకు వచ్చినవారిలో ఎందరో తీవ్రమైన న్యుమోనియాతో మంచం పట్టారు, కొందరు చనిపోయారు. దానికి కారణమైన సూక్ష్మజీవికి లెజియొనెల్లా అని పేరు పెట్టారు. అది 20 నుంచి 45 డిగ్రీల మధ్య గోరువెచ్చని నిలవనీళ్ళలో బాగా పెరుగుతుంది. 60 డిగ్రీల వేడికి చస్తుంది. నీళ్ళు తాగితే సాధారణంగా రాదు; షవరు తుంపరలు ఊపిరితిత్తుల్లోకి పోతే వస్తుంది. పెద్దవయసు వారికి, పొగతాగేవారికి, మధుమేహం ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. భయపడవలసినంత లేదు, కాని నెలల తరబడి ఆపి ఉంచిన హీటరును మళ్ళీ వాడబోయేముందు 60 డిగ్రీలకు పూర్తిగా కాగనిచ్చి, ఆ వేణ్ణీళ్ళు అన్ని కుళాయిల్లోంచి కొన్ని నిమిషాలు వదిలేయడం మంచిది. వదిలేటప్పుడు ఎవరూ షవరు కింద ఉండకూడదు, నీళ్ళు కాలతాయి. సెలవులకు ఇండియా వెళ్ళి వచ్చినప్పుడూ ఇంతే. మిద్దె ట్యాంకు కడిగించారా అని నాతూర్‌ను ఏడాదికి రెండుసార్లయినా అడగాలి. హీటరు పైన ఉండే సేఫ్టీ వాల్వు పనిచేస్తోందో లేదో మెకానిక్కు చూస్తానంటే చూడనివ్వాలి. దాన్ని బిగించేయమని అడగకూడదు. తొట్టిలో ఆవిరి ఒత్తిడి పెరిగితే పోవడానికి ఉన్న దారి అదొక్కటే.

బల్ల మీద మేము చూసేవి

ఈ పనిలో గాయాలు చిత్రంగా ఉంటాయి. ఒకే రోజున ఒకే చేతికి వేడి బొబ్బా చలి బొబ్బా రెండూ రావచ్చు. గొట్టాలు అతికే మంట ఒకవైపు. పాత యూనిట్లలోని ఆర్-22 గ్యాసు ద్రవంగా చిమ్మితే సున్నాకు దిగువన 40 డిగ్రీల చలి ఇంకొకవైపు. ఓజోను పొరను కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం కింద ఆర్-22 క్రమంగా తొలగిపోతోంది. దాని స్థానంలో ఆర్-410ఏ, ఆర్-32 వచ్చాయి. ఆర్-32 కొద్దిగా మండే గుణం ఉన్నది. ఒకే వీధిలో మూడు రకాల గ్యాసులు తెలిసి పనిచేయాలి. ఈ గ్యాసులు గాలికంటె బరువు. మూసిన చిన్నగదిలో కారితే కింద చేరి ఊపిరాడనివ్వవు. ఆర్-22 మంటకు తగిలితే విషవాయువులు పుడతాయి. కరెంటు ఆపిన తరువాత కూడా కెపాసిటరులో విద్యుత్తు నిలిచే ఉంటుంది. తొందరలో ముట్టుకున్నవాడు నిచ్చెనమీదనుంచి పడతాడు. మూత్రపిండాల్లో రాళ్ళతో వేసవిలో వచ్చేవారు సరేసరి. దాహం వేసినా, కిందికి దిగి మళ్ళీ ఎక్కాలని నీళ్ళు తాగరు.

అన్నిటికంటె పెద్దది వడదెబ్బ. మేము వరంగల్లులో చదువుకునే రోజుల్లో మే నెలలో వడదెబ్బ కేసులంటే ముసలివారు, చంటిపిల్లలు. ఒళ్ళు పొడిగా పెనంలా కాలుతూ ఉండేది. ఇక్కడ వచ్చేది ఇరవై అయిదేళ్ళ బలమైన కుర్రవాడు, అతని ఒళ్ళు చెమటతో తడిసే ఉండవచ్చు. కష్టపడి పనిచేస్తూండగా తగిలే వడదెబ్బ అట్లాగే ఉంటుంది. తోటివారు ‘చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే’ అనుకుని వ్యానులో పడుకోబెడతారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. గుర్తు చర్మంలో కాదు, మాటలో ఉంది. మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా, అకారణంగా కోప్పడినా, మూర్ఛ వచ్చినా వడదెబ్బే అనుకోవాలి. 998కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా ఊరికే కూర్చోకుండా వెంటనే చల్లబరచాలి: నీడకు తెచ్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండా చన్నీళ్ళు పోసి, ఫ్యాను పెట్టి, మెడకు, చంకలకు, గజ్జలకు మంచు పెట్టాలి. స్పృహ సరిగా లేనివానికి నోట్లో నీళ్ళు పోయకూడదు. జ్వరం మాత్రలు దీనికి పనిచేయవు.

రాకుండా చూసుకోవడం ఇంకా సులువు. ఎండలో పనిచేసేటప్పుడు 15, 20 నిమిషాలకొకసారి ఒక గ్లాసు నీళ్ళు, దాహం వేసేదాకా ఆగకుండా. గంటల తరబడి చెమట కారితే ఉప్పు వేసిన మజ్జిగో గంజో, ఇక్కడి లబనో మంచిది. లీటరు నీళ్ళకు ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపినా చాలు. కొత్తగా వచ్చినవాని శరీరం ఎండకు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. పనిచోట వడదెబ్బ మరణాల్లో ఎక్కువభాగం మొదటి కొద్ది రోజుల్లోనే జరుగుతాయి. సెలవుమీద ఊరికి పోయి నెల ఉండి వచ్చిన పాతవాడు కూడా ఈ విషయంలో కొత్తవాడే. చెల్లెలి పెళ్ళి చేసి జూలైలో దిగినవాణ్ణి మర్నాడే పూర్తి డ్యూటీ మీద మిద్దెకు పంపకూడదు. ఫోర్మన్లుగా, సూపర్‌వైజర్లుగా ఉన్న మన సభ్యులు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

మనం చేయగలిగింది

ఈ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పనిచేయించడం నిషేధం. 2005లో మొదలైన ఈ మధ్యాహ్న విరామాన్ని ఉల్లంఘించిన యజమానికి ఒక్కొక్క పనివానికి 5,000 దిర్హములు, మొత్తం 50,000 దాకా జరిమానా ఉంది. కొన్ని అత్యవసర పనులకు మినహాయింపు ఉంది. మన ఇంటి ఏసీ ‘కాస్త చల్లగా లేకపోవడం’ అత్యవసరం కాదు. చంటిబిడ్డో, ముసలివారో, రోగో ఉన్న ఇంట్లో పూర్తిగా ఆగిపోతే అది వేరు. అప్పుడు కూడా మెకానిక్కు వచ్చేదాకా వారిని పక్కింటికి చేర్చడం మన చేతిలో పని. పన్నెండున్నరకు ఫోను చేసి ‘ఇంకా రాలేదేం’ అని ఫోర్మన్‌ను కేకలేస్తే, ఆ కేక మెట్లెక్కి మిద్దె మీది కుర్రవాని నెత్తిన పడుతుంది.

సర్వీసు చేయించవలసిన కాలం నవంబరు నుంచి మార్చి దాకా. అప్పుడు మిద్దె మీద గాలి హాయిగా ఉంటుంది, మెకానిక్కుకు కారేచోటు వెతికే తీరిక ఉంటుంది, మనకూ చవక. మేలో అందరితోపాటు తలుచుకుంటే అందరితోపాటు వరుసలో నిలబడాలి. ఫిల్టరు రెండు మూడు వారాలకొకసారి మనమే విప్పి కడుక్కోవచ్చు; దీనికి ఐ.టి.ఐ. అక్కరలేదు. మీట 18కి తిప్పినంతమాత్రాన గది త్వరగా చల్లబడదు. 24 దగ్గర ఉంచితే యంత్రానికీ బిల్లుకూ మంచిది. మెకానిక్కు వచ్చేముందు యూనిట్టు కింద మంచం, టీవీ జరిపి ఉంచితే పావుగంట మిగులుతుంది. రాగానే కుర్చీ, ఒక గ్లాసు నీళ్ళు. మిద్దెకు వెళుతుంటే ఒక సీసా చేతికివ్వాలి. పేరు, ఊరు అడిగితే ఇంకా మంచిది. సగం సందర్భాల్లో తెలుగులోనే జవాబు వచ్చినా ఆశ్చర్యం లేదు.

మెకానిక్కు సోదరులకూ రెండు మాటలు. 2013 నాటి 11వ నెంబరు చట్టం ప్రకారం దుబాయిలో ఉద్యోగికి ఆరోగ్యబీమా చేయించవలసింది యజమానే. ఆ కార్డు పెట్టెలో దాచుకోవడానికి కాదు. కళ్ళు తిరిగినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, తిమ్మిరులు పట్టినా సెలవు పోతుందని దాచుకోకుండా చూపించుకోవాలి. ఊళ్ళో అప్పు తీరాలన్నా, ఇల్లు లేవాలన్నా ముందు మూత్రపిండాలు పనిచేయాలి.

చివరగా మన కార్యవర్గానికి ఒక సూచన. ఏటా ఉగాదికి పాటలు, నాటకం పెట్టుకుంటాం; బాగానే ఉంది. మే నెలలో ఒక ఆదివారం ఉదయం, ఎండ ముదరకముందు, మన మెకానిక్కులను పిలిచి కూర్చోబెడదాం. ఫిల్టరు విప్పి కడగడం, హీటరు చూసుకోవడం, ఏ ఫిర్యాదుకు ఎప్పుడు ఫోను చేయాలో వారు మనకు నేర్పుతారు. వడదెబ్బ తగిలినవాణ్ణి చల్లబరచడం మేము వారికి చూపిస్తాం. పులిహోర, మజ్జిగ ఎవరైనా ఒప్పుకుంటే సరి. ఆసక్తిగల సభ్యులు, ముఖ్యంగా ఈ పనిలో ఉన్న సోదరులు, తమకు వీలైన తారీఖులు కార్యదర్శికి తెలియజేయవలసిందిగా మనవి.